సూరమ్మ వీధిలో కిన్నెరల సంతతి

మా మామగారి మీద నాకున్న ఫిర్యాదు చిన్నదే. నేను కాపురానికొచ్చిన తొమ్మిదో రోజున ఆయన కాఫీలో మూడు చెంచాల ఉప్పు వేసుకున్నారు. పంచదార డబ్బా, ఉప్పు డబ్బా రెండూ ఒకేలాంటి స్టీలువి, పక్కపక్కనే పెట్టాను. తీసి వేసుకున్నది మాత్రం ఆయనే. ఒక్క గుక్క తాగారు. కనుబొమలు పైకి వెళ్ళి, అక్కడే కాసేపు ఆగి, మళ్ళీ కిందికి దిగాయి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగి, "దివ్యంగా ఉందమ్మాయ్" అన్నారు. మా అత్తగారు ఆ మొహం వంకే చూస్తూ, "అంత బాగుంటే ఇంకో గ్లాసు కలుపుకోండి" అన్నారు. ఆయన అదే డబ్బాలోంచి ఇంకో మూడు చెంచాలు వేసుకుని రెండో గ్లాసూ తాగారు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. అది వడదెబ్బ అని ఇప్పటికీ ఆయన వాదన. అప్పుడు జనవరి నెల.

ఆయన పేరు అడబాల వెంకటరత్నం. ముప్ఫై ఒక్కేళ్ళు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేశారు. కాకినాడ చుట్టుపక్కల ఏ కొట్టువాడి కాటా ఏ పక్కకి మొగ్గినా పట్టుకున్నారు. అన్నేళ్ళు ఊరందరి తప్పులూ తూచిన మనిషికి తన తప్పు తూచుకునే తీరిక చిక్కలేదు. ఇదంతా మా ఇంట్లో నాలుగు గోడల మధ్య ఉండే గొడవ. దానివల్ల రాష్ట్రంలో డెబ్భై ఒక్క వేల కార్లు పుట్టుకొస్తాయని ఎవరనుకుంటారు?

మా ఇంట్లో కిన్నెర కారుంది. ఈ కాలం వాళ్ళు పేరు కూడా విని ఉండరు. దాన్ని తయారుచేసిన కంపెనీ రెండు వేల నాలుగు వందల పన్నెండు కార్లు చేసి, లోకానికి ఇవి చాలనుకుని మూతపడింది. ముందు నుంచి చూస్తే తుమ్మబోతున్న మనిషి మొహంలా ఉంటుంది. హారన్ జలుబు చేసిన బాతు అరుపు. రోజూ పొద్దున్నే మామగారు దాన్ని గేటు దాటించి, మళ్ళీ వెనక్కి తెచ్చి షెడ్డులో పెడతారు. అది దానికి వ్యాయామమట. గురువారం మాత్రం పదింటికి మా అత్తగారు మాణిక్యంగారిని ఎక్కించుకుని పిఠాపురంలో ఆవిడ అక్కగారు పాపాయమ్మగారింటికి తీసుకెళ్తారు.

పాపాయమ్మగారికి ఎనభై ఆరేళ్ళు. చూపు పోయింది, మంచం దిగరు. వాళ్ళ సందు మలుపులో బాతు అరవగానే లేచి కూర్చుని, "మరిదొచ్చాడు, నాకు జడ వెయ్యవే" అని కోడలు లలితని కేకేస్తారు. ఆ తర్వాత సాయంత్రం దాకా అక్కచెల్లెళ్ళిద్దరూ అష్టాచెమ్మా. పాపాయమ్మగారు గవ్వల్ని వేలితో తడిమి లెక్కపెడతారు. మా అత్తగారు ఎన్నిసార్లు దొంగాటకి ప్రయత్నించారో అన్నిసార్లూ దొరికిపోయారు. వారంలో ఆవిడ లేచి కూర్చునేది ఆ ఒక్కరోజే.

చిక్కంతా టైర్ల దగ్గరొచ్చింది. మూడేళ్ళ కిందట తిమ్మాపురం దగ్గర మా కారు ఎడమ పక్కకి ఒరిగి పంట కాలవలోకి తొంగిచూసింది. "నాలుగూ ఒకటే రకం టైర్లు వేయిస్తేగానీ ఎక్కను" అన్నారు అత్తగారు. మామగారు మర్నాడు పొద్దున్న వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చి, "వేయించేశాను. నాలుగూ ఒకటే రకం" అని ప్రకటించారు. ముందు ఎడమదానికి వంకర గీతలు, ముందు కుడిదానికి నిలువు గీతలు. వెనక ఎడమది ఏదో జీపుది, గళ్ళు గళ్ళు. వెనక కుడిది గీతలన్నీ అరిగి అరటిపండులా నున్నగా ఉంది. ఆ కొలత టైర్లు ఇప్పుడెవరూ చెయ్యడం లేదు. స్నేహితుడి దుకాణంలో మిగిలినవి మిగిలినట్టు బిగించుకొచ్చారు. అత్తగారు టైర్ల వంక చూడలేదు, ఆయన మొహం వంక చూశారు. కనుబొమలు పైకెళ్ళి ఆగాయి. "సరే" అని ఎక్కి కూర్చున్నారు. అప్పట్నుంచీ మా ఇంట్లో టైర్ల మాట ఎవరూ ఎత్తరు.

ఒక గురువారం పొద్దున్న నేను గేటు ముందు కళ్ళాపి చల్లాను. మామగారు కారుకి వ్యాయామం చేయించి లోపల పెట్టారు. ముగ్గు డబ్బా తెచ్చుకుని నేను బయటికొచ్చేసరికి, యాభై దాటిన మనిషి ఒకాయన మా వాకిట్లో బోర్లా పడుకుని, తడిమట్టిలో పడ్డ టైరు గుర్తులోకి తెల్లటి ముద్దేదో పోస్తున్నాడు.

"ఎవరండీ మీరు?"

"లోవరాజునండి. అచ్చు తీస్తన్నానండి. కాస్త కాలు తియ్యండి, గుర్తు మీద నిలబడ్డారు."

ఆయన వెనకాల ఖాకీ టోపీ, మెడలో దుర్భిణీతో మరొకాయన నిలబడి ఉన్నారు. పెనుమర్తి సోమశేఖరంగారు. పురాతన వాహనాల ఉనికి అంచనా విభాగానికి ప్రత్యేకాధికారి. అటవీ శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు.

"రాష్ట్రమందు కిన్నెర కార్లు ఇంకను ఎన్ని సజీవముగా ఉన్నవో అంచనా కట్టవలసినదిగా మాకు ఉత్తర్వులు అందినవమ్మా" అన్నారు.

"మా ఇంట్లో ఒకటుందండి. షెడ్డు తలుపు తీసే ఉంది, వచ్చి చూడండి."

ఆయన దుర్భిణీని గుండెకి అదుముకుని ఒకడుగు వెనక్కి వేశారు. "చూడరాదమ్మా! చూచినచో అంచనా కలుషితమగును. పద్ధెనిమిదేళ్ళు పులులను లెక్కించితిని. ఒక్కదానినీ చూడలేదు. చూచి లెక్కపెట్టుట ఎవరైనా చేయగలరు. చూడకుండా లెక్కపెట్టుటయే శాస్త్రము."

ఇంతలో మామగారు వీధిలోకి వచ్చారు. అరుగు మీదికి అత్తగారూ వచ్చారు, చేతిలో గవ్వల సంచీతో. సోమశేఖరంగారు ఇద్దరికీ నమస్కారం పెట్టి, ఈ గేటు వద్ద నాలుగు విభిన్న పాదముద్రలు లభించినవనీ, అనగా ఈ ఆవాసంలో నాలుగు కిన్నెరలు సంచరిస్తున్నవనీ తెలియజేశారు.

"నాలుగేంటండీ బాబూ? ఉన్నది ఒకటే" అన్నారు మామగారు.

"అట్లయినచో దానికి నాలుగు రకముల టైర్లు ఉండవలెను. ఉన్నవా?"

మామగారు నోరు తెరిచారు. అరుగు మీద గవ్వల సంచీ గలగలమంది. అత్తగారు ఆయన మొహం వంక చూస్తున్నారు.

"ఎందుకుంటాయి?" అన్నారు మామగారు. "నాలుగూ ఒకటే రకం."

"ఈ విషయం లిఖితపూర్వకముగా..."

"ముప్ఫై ఒక్కేళ్ళు రాసిచ్చిన చెయ్యి ఇది. ఇలా తెండి కాగితం."

తెచ్చారు. నా కారు టైర్లు నాలుగూ ఒకే రకానివని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది, అని రాసి, విశ్రాంత ఇన్‌స్పెక్టర్, తూనికలు కొలతలు, అని సంతకం పెట్టారు. సోమశేఖరంగారు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేశారు. ఒక రకం గుర్తు మా కారుది. కాబట్టి మిగతా మూడు రకాలూ స్వేచ్ఛగా తిరిగే వేరే మూడు కార్లవి.

ఆయన జీపెక్కాక లోవరాజు నా దగ్గర ఆగాడు. "నాకు తెల్సండమ్మగారూ. మా బావమరిదిది పంచర్ల షాపే. గుర్తు చూడగానే తెల్సిపోయింది."

"మరి చెప్పరేం?"

"అచ్చు తియ్యడం నా డ్యూటీ అండి. ఆలోచించడం సారు డ్యూటీ. ఆయన డ్యూటీలో నేను వేలు పెడితే బాగోదు కదండీ."

ఆ రోజు పిఠాపురం నుంచి తిరిగొస్తుంటే దారిలో ముందు ఎడమది పంచరైంది. మామగారు స్టెపినీ బిగించుకొచ్చారు. అది ఇంకేదో చిన్న కారుది, సన్నగా, లేతగా ఉంటుంది. శుక్రవారం పొద్దున్న వ్యాయామం మామూలుగా జరిగింది. లోవరాజు మామూలుగా అచ్చు తీశాడు. పది గంటలకల్లా సోమశేఖరంగారు కాజాల పొట్లంతో మా గుమ్మంలో ఉన్నారు. కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"శుభవార్తమ్మా. మీ వీధిలో పిల్ల పుట్టింది."

నేను పక్కింటి కోడలి సంగతనుకుని, "ఆడా, మగా?" అన్నాను.

"అది ఇంకనూ నిర్ధారణ కావలసి ఉన్నది. సన్నని పాదముద్ర. మిక్కిలి లేత. కంపెనీ మూతపడిన ఇన్నేళ్ళ తరువాత ఈ జాతి పునరుత్పత్తి చెందుచున్నదన్నమాట!"

"బారసాల ఎప్పుడు చేస్తారండీ?" అని లోపల్నుంచి అత్తగారు అడిగారు.

"మేము పేర్లు పెట్టమమ్మా, నంబర్లు ఇస్తాము" అన్నారాయన, ఎంతో గౌరవంగా. "ఇది అయిదు."

మామగారు కాజా కొరికి, నెమ్మదిగా నమిలారు. స్టెపినీ సంగతి చెప్పాలంటే మొదటి నాలుగింటి సంగతీ చెప్పాలి.

రాష్ట్రంలో మా సూరమ్మ వీధిలాంటి వీధులు రెండు వేల రెండు వందల తొంభై రెండు ఉన్నాయట. వీధికి అయిదు చొప్పున పదకొండు వేల నాలుగు వందల అరవై కిన్నెరలు సజీవంగా ఉన్నట్టు వారం తిరక్కుండా తేలింది. నేను బీయస్సీ లెక్కల్లో మూడో తరగతిలో పాసైనదాన్ని. నోరు ఊరుకోలేదు.

"కంపెనీ చేసినవే రెండు వేల నాలుగు వందల పన్నెండు కదండీ. మిగతా తొమ్మిది వేల నలభై ఎనిమిదీ ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"తయారీ వేరు, ఉనికి వేరు. మిగిలినది సహజ వృద్ధి" అని సోమశేఖరంగారు ఓపికగా చెప్పారు. లెక్కలు రాని ఆడవాళ్ళకి చెప్పినంత ఓపికగా.

మరుసటి సోమవారం ఉత్తర్వు వచ్చింది. సూరమ్మ వీధి కిన్నెరల ప్రజనన కేంద్రం. ఇక్కడ హారన్ కొట్టరాదు, టపాకాయలు కాల్చరాదు, కుక్కరు మూడు విజిల్స్ మించరాదు. పదమూడు క్లాజుల ఆ ఉత్తర్వులో మా మీద పడ్డది ఏడోది: తల్లి కారును పిల్ల ఎదిగేవరకు ఆవాసము నుండి కదల్చరాదు, దానిపై మనుషులెక్కి తిరుగుట ఎట్టి పరిస్థితిలోనూ అనుమతించబడదు. షెడ్డుకి పసుపు తాడు కట్టి లక్కముద్ర వేసి వెళ్ళారు. కట్టింది లోవరాజే. కడుతూ, "సారీ అండి" అన్నాడు. మాతో కాదు, కారుతో.

వీధి చివర పెట్రోలు తొట్టి పెట్టారు, మేత కోసం. రోజూ సాయంత్రం నింపేవారు. తెల్లారి చూస్తే ఖాళీ. మా వీధిలో మోటారు సైకిలున్న ప్రతి ఇంటివాళ్ళూ ఆ రోజుల్లో ఎంతో ప్రసన్నంగా కనిపించేవారు. రిజిస్టరులో మాత్రం "ఆహార స్వీకరణ సంతృప్తికరం" అని ఎక్కింది. అడుగుజాడలు స్పష్టంగా పడాలని, వీధి అడ్డంగా ముగ్గుపిండి పరవవలసిందిగా నన్ను కోరారు. ఇరవై నాలుగేళ్ళుగా ముగ్గేస్తున్నాను, సర్కారు నా ముగ్గు కావాలని అడగడం అదే మొదలు. చుక్కలు పెట్టబోతే వద్దన్నారు. చదునుగా చాలట.

మొదటి గురువారం నేను అత్తగారిని ఆటోలో పిఠాపురం తీసుకెళ్ళాను. మామగారు రానన్నారు. "యాభై ఏళ్ళుగా ఆ గుమ్మం ముందు నా కారులో దిగాను. ఆటోలో దిగితే ఏమనుకుంటారు?"

"మీ టైర్లు నాలుగు రకాలనుకుంటారు" అని అత్తగారు అనలేదు. అనే సందు దొరికినా అనకపోవడం ఆవిడ పద్ధతి.

ఆటో వెళ్ళి ఆగినా పాపాయమ్మగారు లేవలేదు. మేము పక్కన కూర్చుని పిలిస్తే చెవి వీధి వైపు పెట్టి, "మరిదేడే?" అన్నారు.

"ఇంటి దగ్గరున్నారక్కా. కారు కదలడానికి లేదు."

"మరి హారన్ లేదేం?"

"కారు రాలేదు కదక్కా."

ఆవిడ చెయ్యి చాపి చెల్లెలి నుదురు తడిమారు. బొట్టు చేతికి తగిలింది. "పెట్టుకునే వచ్చావు, నేను కనుక్కుంటానని" అన్నారు. ఫోనులో మామగారి చేత మాట్లాడించాను. "ఇలా గొంతులు అనుకరించేవాళ్ళు టీవీలో బోలెడుమంది" అని ఆవిడ ఫోను నా చేతిలో పెట్టేశారు. ఆ రోజు గవ్వలు సంచీలోంచి బయటికి రాలేదు.

రెండో గురువారం ఆవిడ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. మూడో గురువారానికి లలిత ఫోను చేసి, "మజ్జిగ తప్ప ఏమీ దిగట్లేదు వకుళా. మావయ్యగారు ఒక్కసారి ఆటోలోనైనా రారా?" అంది. ఆ మాట నేను మామగారికి చెప్పాను. ఆయన లేచి షెడ్డుదాకా వెళ్ళి, పసుపు తాడు పట్టుకుని నిలబడి, తిరిగొచ్చి పేపరు తీశారు. తలకిందులుగా పట్టుకున్నారని నేను చెప్పలేదు. ఒప్పుకోరు.

నేనే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను. బియ్యం చేటలో పోసుకుని, ఉత్తర్వు పక్కన పెట్టుకుని చదివితే పదమూడో క్లాజు కనపడింది: వీధికి ముప్ఫై దాటినచో సదరు జాతి అపాయస్థితి నుండి తొలగినట్లు భావించి రక్షణ ఉపసంహరించబడును. మనకి అయిదున్నాయి. ఇంకో ఇరవై ఆరు కావాలి.

లోవరాజు బావమరిది షాపుకి వెళ్ళి పాత టైర్లు ఓ ఇరవై ఆరు అరువిమ్మన్నాను, దేనికదే రకం ఉండాలన్నాను.

"దేనికండీ?"

"ముగ్గుకి."

అతను నన్ను ఎగాదిగా చూసి, ఇచ్చాడు. మూడు రోజులు, పాలపాకెట్లు రాకముందే, చీర కుచ్చిళ్ళు దోపుకుని, చదునుగా పరిచిన నా ముగ్గుపిండి మీద టైర్లు దొర్లించాను. మూడో రోజు లోవరాజు త్వరగా వచ్చి నన్ను చూశాడు. పనిచేస్తున్న మనిషిని కదిలించడం బాగోదన్నట్టు పక్కకి తిరిగి, నేను టైరు గోడకి ఆనించేదాకా ఆగి, అప్పుడు అచ్చు తీశాడు.

ముప్ఫై ఒకటి! రాష్ట్రంలో డెబ్భై ఒక్క వేల యాభై రెండు!

రక్షణ ఉపసంహరించారు. నేను ఆ సాయంత్రం పాయసం కూడా చేశాను. అది తినడం అవకముందే, షెడ్డు తాడు విప్పకముందే రెండో ఉత్తర్వు వచ్చింది. జనాభా విస్ఫోటనం. సూరమ్మ వీధి ధారణ సామర్థ్యము అయిదు కార్లు మాత్రమే అయినందున, అదనపు ఇరవై ఆరింటిని తుక్కు యార్డుకి తరలించి సమతౌల్యము పునరుద్ధరించవలెను. మిగిలిన ముప్ఫైకి చిరునామా తెలియనందున, చిరునామా కలిగిన ఒక్క కారుతో ప్రారంభించవలెను. అభ్యంతరములున్నచో గురువారం ఉదయం బహిరంగ విచారణలో తెలుపుకొనవచ్చును.

మామగారు ఆ కాగితం చదివి మడత పెట్టి జేబులో పెట్టుకున్నారు. చెయ్యి చాలాసేపు జేబులోనే ఉండిపోయింది.

గురువారం మా వీధిలో షామియానా వేశారు. తుక్కు యార్డు నుంచి క్రేను లారీ కూడా వచ్చి, అవతల పక్క నీడలో ఆగింది. సోమశేఖరంగారు మైకులో ఉత్తర్వంతా చదివి, అభ్యంతరాలు అడిగారు. మామగారు లేచారు.

"ఉన్నది ఒకటే కారు. మొదటిరోజు చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను."

"సదరు కారు టైర్లు నాలుగూ ఒకే రకమని తమరు ధ్రువీకరించియున్నారు" అని సోమశేఖరంగారు కాగితం పైకెత్తి చూపించారు. "మా అంచనా యావత్తూ ఈ ఒక్క కాగితము మీద నిలబడి ఉన్నది. ఇది తప్పయినచో ముప్ఫై ఒకటీ తప్పు, డెబ్భై ఒక్క వేలూ తప్పు. కాని దీని మీద తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు సంతకము ఉన్నది. ఇది తప్పు కానేరదు. ఇది తప్పని తమరు చెప్పగలరా?"

మామగారు అత్తగారి వంక చూశారు. అత్తగారు ముందు వరసలో కుర్చీలో గవ్వల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ సంచీ ప్రతి గురువారం తెస్తారు, కారున్నా లేకపోయినా. మామగారు కూర్చున్నారు. సోమశేఖరంగారు క్రేను వైపు చెయ్యి ఊపారు.

అప్పుడే నా ఫోను మోగింది. లలిత. స్పీకరు ఎలా ఆన్ అయిందో నాకు తెలియదు. నేను మైకు పక్కనే ఎందుకు నిలబడ్డానో అంతకన్నా తెలియదు.

"వకుళా, అత్తయ్య మాట్లాడతానంటోంది. ఎంత చెప్పినా వినట్లేదు, నువ్వే చెప్పు."

తర్వాత పాపాయమ్మగారి గొంతు, షామియానా నాలుగు మూలలా వినపడింది. "అమ్మాయ్, మీ అత్తని పిలు. మాణిక్యం! నాకు చెప్పకుండా దాచారే. నెల కావస్తోంది. పెద్దదినానికైనా పిలుస్తారనుకున్నాను. నన్ను మంచంతో పాటు మోసుకెళ్ళేవాళ్ళు లేరనేగా? మరిదికి బొబ్బట్లంటే ఇష్టం. ఆ రోజున వేశారా, లేదా? అదొక్కటి చెప్పండి."

"అక్కా, ఆయన ఇక్కడే ఉన్నారు. ఎదురుగా కూర్చున్నారు" అన్నారు అత్తగారు.

"కళ్ళు లేనిదాన్ని కదా అని అనకే. హారన్ లేదు. హారన్ లేదంటే మరిది లేడు."

సోమశేఖరంగారు తల పంకించి, పక్కనున్న లోవరాజుతో, "పరోక్ష సాక్ష్యము ద్వారా నిర్ధారణ. సరైన పద్ధతియే" అన్నారు.

ఆ మాట విని మామగారు లేచారు. లేచిన మనిషి ఈసారి అత్తగారి వంక చూడలేదు, క్రేను వంకా చూడలేదు. నా చేతిలో ఫోను వంక చూశారు. మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు.

"సదరు ధ్రువీకరణ పత్రమును పునఃపరిశీలించగా, నాలుగు టైర్ల మధ్య స్వల్ప వ్యత్యాసము ఉన్నట్లు తెలియవచ్చినది."

నేను లలితకి "మళ్ళీ చేస్తా" అని ఫోను పెట్టేశాను. సోమశేఖరంగారి మొహంలో సొంత ఊరి మనిషి పరాయి ఊళ్ళో ఎదురైనంత సంతోషం కనపడింది. "స్వల్ప వ్యత్యాసము! దానికి మా వద్ద కాలమ్ ఉన్నది!" అని ఫారం తీశారు.

"ఎన్ని రకములు?"

"నాలుగు. స్టెపినీతో అయిదు" అన్నారు మామగారు, నేల చూపులు చూస్తూ.

సోమశేఖరంగారు కలం ఆపి ఆలోచించారు. ఒక కారుకి అయిదు రకాలు ఉండగలిగితే, ముప్ఫై ఒక్క రకాలూ ఉండవచ్చు. అంటే ఈ పెద్దమనిషి ముప్ఫై ఒక్క టైర్లు మార్చారన్నమాట. అలాగే రాసుకున్నారు. మామగారు అభ్యంతరం చెప్పబోయి, ఒకసారి లోవరాజు వంక, ఒకసారి నా కుచ్చిళ్ళకి అంటిన ముగ్గుపిండి వంక చూసి, ఊరుకున్నారు. నా సంగతి నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నేమో.

"అయితే మీ అంచనా తప్పన్నమాటేగా?" అన్నాను సోమశేఖరంగారితో.

"తప్పు కాదమ్మా. అంచనా సరైనదే. కార్లే తగ్గినవి."

వీధికి ఒకటి చొప్పున రాష్ట్రంలో రెండు వేల రెండు వందల తొంభై రెండు కిన్నెరలు సజీవంగా ఉన్నాయని ఆ తర్వాత నివేదిక అచ్చయింది. తయారైనవి రెండు వేల నాలుగు వందల పన్నెండు కాబట్టి, ఈ సంఖ్యని ఎవరూ అనుమానించలేదు. నిపుణులు కూడా మెచ్చుకున్నారట.

లోవరాజు పసుపు తాడు విప్పాడు. మామగారు కారు బయటికి తెచ్చారు. తొమ్మిది నిమిషాలు దగ్గి, స్టార్టయింది. సోమశేఖరంగారు గట్టిగా కళ్ళు మూసుకుని అటు తిరిగి నిలబడ్డారు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. ముందు తలుపు తీసి ఉంది. అత్తగారు ఎక్కలేదు.

"ఎక్కవేం మాణిక్యం? అక్కడ మీ అక్క..."

"మైకులో ఏదో అన్నారు. నాకు ఆ భాష రాదు. తెలుగులో చెప్పండి."

మామగారు స్టీరింగు రెండు చేతులా పట్టుకున్నారు. "టైర్లు... నాలుగూ నాలుగు రకాలు."

"ఊఁ."

"నువ్వు చెప్పిందే ఒప్పు."

"నాది సరే. మీది?"

"తప్పు" అన్నారు, స్పీడోమీటరుతో.

"ఇంజను చప్పుడులో వినపడ్డం లేదండి."

"తప్పు నాదే!" అని మామగారు అరిచారు. షామియానా కింద ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పారు. లోవరాజు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అత్తగారు గవ్వల సంచీ సర్దుకుని, ఎక్కి కూర్చుని, "పోనివ్వండి. తిమ్మాపురం దగ్గర నెమ్మదిగా" అన్నారు.

పిఠాపురంలో సందు మలుపు తిరుగుతూనే మామగారు హారన్ మీద చెయ్యి వేసి తియ్యలేదు. జలుబు చేసిన బాతు ఇంటిల్లిపాదినీ గుమ్మంలోకి పిలిచింది. మేము దిగి లోపలికి వెళ్ళేసరికి పాపాయమ్మగారు మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. లలిత చేతిలో దువ్వెన ఉంది.

"దయ్యాలకి ఆ హారన్ చేతకాదు" అన్నారావిడ. "ఎక్కడికి పోయావు మరిదీ ఇన్నాళ్ళూ?"

మామగారు మంచం పక్కన కూర్చున్నారు. ఆవిడ చెయ్యి ఆయన మొహమంతా తడిమి, కనుబొమల దగ్గర ఆగింది. "నా వల్లే ఆలస్యమైంది వదినా" అన్నారాయన. "టైర్ల విషయంలో చిన్న... పెద్ద పొరపాటు చేశాను."

అత్తగారు గవ్వలు చాప మీద పోస్తున్నవారు ఆగి చూశారు. ఒకరోజులో రెండోసారి. ఒకసారి జాడీ మూత ఊడితే అంతే కాబోలు.

లలిత అందరికీ కాఫీ తెచ్చింది. మామగారు ఒక గుక్క తాగి, గ్లాసు పట్టుకుని కాసేపు అందులోకి చూశారు. తర్వాత తలెత్తి, ఇరవై నాలుగేళ్ళ తర్వాత, అందరూ వింటుండగా నాతో అన్నారు.

"అమ్మాయ్, ఆ రోజు కాఫీలో వేసుకున్నది ఉప్పే."